శిక్షణ విమానములు, గద్దలు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



విమానచోదకులు కాగోరు పిల్లలు మన బడిలోను కలరు. ఆ విద్యకగు ఖర్చును గురించి, కంటిచూపును గురించి తల్లిదండ్రులు విచారింతురు. పక్షులను గురించి మాత్రము ఎవరును అడుగరు. నేడు ఆ మాటయే చెప్పదలచితిని.

ఇది క్రొత్త బెడద కాదు. 1905లో ఆర్విల్ రైటు విమానము ఒహాయోలో ఒక మొక్కజొన్న చేనిపై పక్షిని ఢీకొన్నది. 1912లో కాలిఫోర్నియా తీరమున కాల్ రోజర్స్ విమానమున ఒక సముద్రపక్షి చిక్కుకొనగా, అది కూలి ఆయన మరణించెను.

మన ఊరి సంగతి చూడుడు. 1910లో పల్లావరమున డి ఏంజెలిస్ విమానము నెగురవేసెను. మీనంబాకమున మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బు విద్యార్థులు చిరకాలము చిన్న విమానములు నేర్చిరి. విమాన విద్య గరపు శిక్షకులను తయారుచేయు వాయుసేన పాఠశాల 1954 నుండి తాంబరముననే యున్నది. చుట్టును చెరువులు, పల్లికరణె చిత్తడినేల. నీటిపక్షులు వచ్చుట సహజము, వానిని తప్పుపట్టరాదు. గద్దల సంగతి వేరు. వానిని పిలుచునది మనము పారవేయు మాంసపు చెత్త. ఎండ యెక్కినకొలది వేడిగాలి పైకి లేచును, గద్ద రెక్క కదపకయే దానిపై తేలును.

విద్యార్థి రన్‌వే చుట్టు మరల మరల తిరిగి, లేచుట దిగుట అభ్యసించును. పక్షులు తగులుట హెచ్చుగా జరుగునది నేలకు దగ్గరగా నున్న ఆ ఘడియలలోనే. చిన్న విమానమునకు సాధారణముగా ఒకటే ఇంజను, పలుచని ముందరి అద్దము. గద్ద బరువు కిలో లోపే కావచ్చును. కాని వేగము రెట్టింపైనచో దెబ్బ నాలుగింతలగును. నిజమునకు, దెబ్బకన్న ఉలికిపాటే ప్రమాదకరము. భయపడి ముక్కును ఒక్కసారిగా పైకెత్తినను, అతిగా ప్రక్కకు వంచినను, రెక్కలపై గాలి పట్టు సడలును. తేరుకొనుటకు ఎత్తు చాలదు. కనుకనే శిక్షకులు, “ముందు విమానమును నిలుపుకొనుము, పక్షి సంగతి తరువాత” అందురు. బెదరిన పక్షి తరచు క్రిందికి దూకును గనుక, వీలైన దాని పైగా పోవుటయే మేలు.

1937 నాటి విమాన నిబంధనలలో 91వది, సవరణల పిమ్మట, విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల పశువులను వధించుటను, పక్షులను ఆకర్షించు చెత్త వేయుటను నిషేధించినది. తాంబరమునుండి కొలిచిన క్రోంపేట, పల్లావరము, మీనంబాకమునుండి కొలిచిన సైదాపేట, మన త్యాగరాయనగరము కూడ ఆ దూరములోనివే. ఆదివారమునాడు కోడిమాంసపు అంగళ్ల వెనుక గద్దలెన్ని తిరుగునో మీరు చూచియే యుందురు. ఆ కుప్పలను దినదినము ఎత్తింపుడని కార్పొరేషనువారికి ఒక విన్నపము వ్రాసి తెచ్చితిని. అది వాకిటి బల్లపై నున్నది. వెళ్లునపుడు చదివి సంతకములు చేయుడు.