సంత ఎవరి నేల మీద? వైన్ వాణిజ్య ప్రదర్శనల చరిత్ర

వాణిజ్య చరిత్ర అనగానే మనకు ఓడలు, సుంకాలు, కంపెనీలు గుర్తుకొస్తాయి. సంతలు అంతగా గుర్తు రావు. సరుకుకు విలువ కట్టే అధికారం ఎవరిదో తెలుసుకోవాలంటే మాత్రం సంతలోకే వెళ్లాలి. అందుకే ఇవాళ అంతర్జాతీయ వైన్, మద్య వర్తక ప్రదర్శనల చరిత్రను తీసుకున్నాను. నా వాదం ఒక్కటే. ప్రపంచమంతటినీ పిలిచే ప్రదర్శన నిలవాలంటే, ఆతిథ్యమిచ్చే ఊరు తానే పెద్ద అమ్మకందారు కాకూడదు. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం కథ ఇందుకు గట్టి సాక్ష్యం.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి: సంతల కాలం పోయాక కూడా వైన్‌కు ప్రదర్శన ఎందుకు అవసరమైంది? 19వ శతాబ్దం చివరికి యూరప్‌లో పాత సంతల కాలం చెల్లిపోయింది. రైళ్లు, తంతి తపాలా వచ్చాక సరుకంతా మోసుకొచ్చి ఒకచోట పోయాల్సిన పని తప్పింది. జర్మనీలోని లైప్‌జిగ్ సంత 1895లో నమూనాల ప్రదర్శనగా మారింది. వర్తకుడు ఒక్క నమూనా చూపేవాడు, కొనేవాడు వేలకొద్దీ ఆర్డరు రాసిచ్చేవాడు. రాబోయే సరుకు నమూనాలాగే ఉంటుందన్న భరోసా మీద ఆ పద్ధతి నడిచింది. వైన్ విషయంలో ఆ భరోసా సగమే. తోట అదే, చేసే చేయి అదే అయినా ఎండలు, వానలు, వడగళ్లు ఏటికేడు రుచిని మార్చేస్తాయి. గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారు కాయ రంగు చూసి, విరిచి చూసిగానీ ధర చెప్పడు; వైన్ కొనేవాడూ అంతే, నోట పోసుకుని చూడనిదే బేరానికి దిగడు. మిశ్రమ విస్కీ, పేరున్న బ్రాందీల సంగతి వేరు. పాళ్లు కలిపే నిపుణుడు సీసా సీసాకూ రుచి మారకుండా కాపాడతాడు కాబట్టి వాటిని ఏటేటా వెళ్లి రుచి చూడాల్సిన అవసరం తక్కువ. ఈ ప్రదర్శనల్లో మద్యానికి చోటున్నా పెత్తనం వైన్‌దే కావడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఇక 1855. మూడో నెపోలియన్ పారిస్‌లో విశ్వ ప్రదర్శన పెట్టాడు. బోర్డో వైన్‌లను పంపే బాధ్యత అక్కడి వాణిజ్య మండలి మీద పడింది. ఏ తోట గొప్పది, ఏది దాని తర్వాతది అని ఎవరు తేల్చాలి? తోట యజమానులను అడిగితే ఎవరి తోట వారికి మొదటిదే. మండలి ఆ పనిని దళారుల సంఘానికి అప్పగించింది. ఏప్రిల్ 18న వాళ్లు జాబితా ఇచ్చేశారు. రెండు వారాల్లోపే ఇవ్వగలిగారంటే కారణం, వాళ్లు కొత్తగా రుచిచూసి తీర్పు చెప్పలేదు. దశాబ్దాలుగా ఏ తోట సరుకు ఏ ధరకు పోతూ వచ్చిందో వాళ్ల లెక్కల్లోనే ఉంది. ఎర్ర వైన్‌లు ఐదు తరగతులయ్యాయి. లఫీట్, లతూర్, మార్గో, ఓ బ్రియాన్ మొదటి వరుసలో నిలిచాయి. ఆ తర్వాత ఇన్నేళ్లలో పై తరగతికి ఎక్కింది ఒక్క మూటన్ రోత్‌షీల్డ్, అదీ 1973లో. మన దగ్గర దళారి అన్న మాట తిట్టులా వినిపిస్తుంది గానీ, ఇక్కడ అతని తీర్పు నిలిచింది. పండించేవాడూ తాగేవాడూ కాకుండా ఇద్దరి లెక్కలూ తెలిసినవాడు కావడమే అతని బలం. ఆ తీర్పు వెల్లడైన చోటు పారిస్ అన్నదీ గమనించాలి.

1976లో అదే పారిస్‌లో మరో తీర్పు వచ్చింది. స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వర్తకుడు మే 24న కాలిఫోర్నియా, ఫ్రాన్స్ వైన్‌లను పేర్లు కనబడకుండా ఫ్రెంచి నిపుణుల ముందు పెట్టాడు. ఎర్ర వైన్‌లలో స్టాగ్స్ లీప్, తెల్ల వైన్‌లలో షాటో మాంటెలీనా, రెండూ కాలిఫోర్నియావే, మొదటి స్థానాలు దక్కించుకున్నాయి. న్యాయనిర్ణేతలు ఫ్రెంచివాళ్లే కాబట్టి ఫలితాన్ని కొట్టిపారేయడం కష్టమైంది. దాన్ని ఏర్పాటు చేసినవాడు ఏ తోటకూ యజమాని కాదు. ఐదేళ్ల తర్వాత, 1981లో, బోర్డో వాణిజ్య మండలి తన ఊళ్లోనే విన్‌ఎక్స్‌పో అనే ప్రదర్శన మొదలుపెట్టింది. రెండేళ్లకోసారి జూన్ నెలలో ప్రపంచ వర్తకులు గరోన్ నది ఒడ్డుకు వచ్చేవారు. పగలు హాళ్లలో బేరాలు, రాత్రి కోటల్లాంటి తోటబంగళాల్లో విందులు. ఆ విందుల వైభవంలోనే లోపం కూడా ఉంది. చిలీ నుంచో ఆస్ట్రేలియా నుంచో అద్దె కట్టి దుకాణం పెట్టుకున్న వర్తకుడు తన కొనుగోలుదారు సాయంత్రానికి బోర్డో యజమాని భోజనాల బల్ల దగ్గరికి వెళ్లడం చూడాల్సి వచ్చేది. పైగా, కొత్త పంటను పీపాల్లో ఉండగానే రుచి చూసి కొనడానికి ముఖ్య వర్తకులు ఏటా వసంతంలో బోర్డోకు ఎలాగూ వస్తారు. కాబట్టి ఆ ఊరి గొప్ప తోటలకు ప్రదర్శన అవసరం తక్కువ, బయటివారికేమో అక్కడ అనుకూలత తక్కువ.

1994లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ప్రోవైన్ అనే ప్రదర్శన మొదలైంది. ఆ ఊరికి పేరు వైన్ వల్ల రాలేదు, ఆల్ట్ అనే బీరు వల్ల వచ్చింది. మొదటి ఏడు 321 సంస్థలు, దాదాపు 1,500 మంది సందర్శకులు. 2019 నాటికి సంస్థలు 6,900 దాటాయి, సందర్శకులు 60,000 దాటారు. జర్మనీ ప్రపంచంలోకెల్లా ఎక్కువ వైన్ దిగుమతి చేసుకునే దేశాల్లో ఒకటి. ప్రదర్శనలు నడపడమే వృత్తిగా పెట్టుకున్న సంస్థ, విమానాశ్రయానికి దగ్గర హాళ్లు, అందరికీ ఒకే పద్ధతి. ఇటలీ వర్తకుడికీ దక్షిణాఫ్రికా వర్తకుడికీ అక్కడ ఇంటివాడంటూ ఎవరూ లేరు. ఈ సూత్రం బోర్డోవారికి తెలియనిదేమీ కాదు. 1998లోనే వాళ్లు తమ ప్రదర్శనను ద్రాక్షతోటలు లేని హాంకాంగ్‌కు తీసుకెళ్లారు. చివరికి 2020లో విన్‌ఎక్స్‌పో పారిస్‌లో వైన్ పారిస్ అనే ప్రదర్శనతో చేయి కలిపింది. బోర్డో పాత వైభవం అక్కడితో ముగిసింది.

నా వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు, రెండూ బలమైనవే. మొదటిది వెరోనా. 1967లో ఇటలీ వైన్ దినాలుగా మొదలై 1971లో విన్‌ఇటలీ అన్న పేరు పెట్టుకున్న ఆ ప్రదర్శన తోటల నడుమనే వర్ధిల్లుతోంది కదా? నిజమే. అయితే అది ప్రధానంగా ఇటలీ వైన్‌ల ఇల్లు. టస్కనీ, పీడ్‌మాంట్, సిసిలీ తమలో తాము పోటీపడే ఆ ఇంటికి విదేశీ కొనుగోలుదారు అతిథిగా వస్తాడు. దాని పేరులోనే దేశం పేరుంది, కాబట్టి నిష్పాక్షికత ఆశించి అక్కడికి వెళ్లేవారు ఉండరు. రెండో ఆక్షేపణ మరింత పదునైనది. పారిస్ మాత్రం ఫ్రాన్స్ కాదా? 2025లో అది సందర్శకుల సంఖ్యలో డ్యూసెల్‌డార్ఫ్‌ను మించిపోయింది కూడా. ఇక్కడ నా వాదాన్ని కొంత సడలించుకోక తప్పదు. తటస్థత పూర్తిగా ఉండనక్కర్లేదు, ఆతిథేయ నగరం తన సొంత సీసాను బల్ల మీద పెట్టకపోతే చాలు. బోర్డోకూ బర్గండీకీ షాంపేన్‌కూ పారిస్ ఒకే దూరంలో నిలబడగలదు, బోర్డో నిలబడలేదు. విదేశీ సంస్థలు ముందు ముందు ఆ హాళ్లలో తమకు సమాన స్థానం దక్కలేదని భావిస్తే, ఆధిక్యం మళ్లీ రైన్ నది ఒడ్డునున్న డ్యూసెల్‌డార్ఫ్ వైపు మళ్లుతుందని నేను నమ్ముతున్నాను.

మూడో ఆక్షేపణ నా వాదానికి కాదు, విషయానికే; అది ఈ సభలోనే పుట్టగలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేవదీసిన ఉద్యమాన్ని, 1993 సారా నిషేధాన్ని, 1995 సంపూర్ణ మద్యనిషేధాన్ని చూసిన తెలుగు నేలలో ఈ విషయం ఎందుకు? ఆ ఆవేదన న్యాయమైనది, దాన్ని పక్కనపెట్టి ఈ చరిత్ర చెప్పడం నాకిష్టం లేదు. వైన్‌ను సంస్కృతిగా చెప్పుకునే ఫ్రాన్స్ కూడా 1991లో ఎవిన్ చట్టం తెచ్చి మద్యం ప్రకటనలకు పగ్గం వేసింది. మన దగ్గర దారి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఏర్పడిన బెవరేజెస్ కార్పొరేషన్ టోకు కొనుగోలుదారు అయింది. తెలంగాణలోనూ ఇప్పుడు అదే పద్ధతి. కొనేది ఒక్కరే అయినచోట సంతకు పని లేదు. ధరను కార్పొరేషన్ ఖరారు చేస్తుంది, రుచి చూసి బేరమాడే వర్తకుడికి అక్కడ చోటు లేదు. బోర్డోలో ఆతిథేయి అమ్మకందారు కావడం వల్ల వచ్చిన ఇబ్బందిని చూశాం. ఇక్కడ కొనుగోలుదారు, పన్ను వసూలుదారు, తాగుడు తగ్గించాల్సిన బాధ్యత గలవాడు ముగ్గురూ ఒక్కరే. దూబగుంట స్త్రీలు ప్రభుత్వాన్ని నిలదీసింది సరిగ్గా ఈ చోటే. మన వాణిజ్య చరిత్రకారులు ఇక మీదట తవ్వాల్సిందీ ఆ కార్పొరేషన్ లెక్కల పుస్తకాలనే.