డిగ్రీ తర్వాత మనకి ఒక్క దారేనా?

(పాడేరు మన్యంలో డిగ్రీ విద్యార్థుల ముందు మాట్లాడిన మాటల పాఠం)



మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. డిగ్రీ అయ్యాక ఏం చేస్తారు? ఎక్కడ అడిగినా నాకు నాలుగు జవాబులే వస్తున్నాయి. డీఎస్సీ రాస్తానన్నా. కానిస్టేబుల్‌కి వెళ్తానన్నా. గ్రూప్స్ కోచింగ్ అన్నా. నాలుగోది, "చూద్దాంలే అన్నా". ఇందులో మీ తప్పేం లేదు. నెలనెలా జీతం తీసుకునే మనిషంటే చిన్నప్పట్నుంచి మనం చూసింది మాస్టారుని, పోలీసుని, మండలాఫీసు గుమస్తాని. కంటికి కనబడిన ఉద్యోగాన్నే ఎవరైనా కోరుకుంటారు.

కానీ ఒక్క దారినే నమ్ముకుంటే ఏమవుతుందో మన తరం కళ్లారా చూసింది. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. ఇరవై ఏళ్లు మన ఇళ్లల్లో ఒకటే లెక్క: బీఈడీ చెయ్యి, మన ఏజెన్సీలోనే పోస్టు కొట్టు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల జోలికి వెళ్లలేదు. దెబ్బ తగిలింది ఎవరికి? బీఈడీ పట్టా చేతిలో పెట్టుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న మన అన్నలకి, అక్కలకి. ఆ హక్కు కోసం కొట్లాడుతున్నాం, ఇంకా కొట్లాడతాం. ఆ పోరాటం మనందరిదీ. మీ ఇరవై మూడో ఏడు మాత్రం మీ ఒక్కరిదే. అది తిరిగి రాదు.

అందుకే ఒక పని చెప్తాను. ఒక నోటుబుక్కు తీసుకోండి. ఈ ఏడాదిలో మీ ఊరికి పని మీద ఎవరెవరు వచ్చారో రాయండి. సర్వేయరు, ఫారెస్టోళ్లు, బ్యాంకు మనిషి, రోడ్డు ఇంజినీరు, రక్త పరీక్షలు చేసేవాళ్లు, పశువుల డాక్టరు, కాఫీ కొనేవాళ్లు, విలేకరి. ఒక్కో పేరు పక్కన మూడు సంగతులు రాయాలి: ఏం చదివితే ఆ పని వస్తుంది, ఏ పరీక్ష రాయాలి, ఎన్నేళ్లు పడుతుంది. తెలియని చోట ఖాళీ వదిలెయ్యండి. ఆ మనిషి మళ్లీ వచ్చినప్పుడు దగ్గరికెళ్లి అడగండి. "సార్, మీరేం చదివారు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు? ఇందులో ఏది కష్టం?" తన పని గురించి అడిగితే చెప్పనివాళ్లు తక్కువ.

రెండు ఉదాహరణలు చెప్తాను. మన కాఫీకి 2019లో అరకు వేలీ అరబికా పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాయ కోసేది మనం. కప్పులో రుచి చూసి ఇది ఏ రకం, ఎంత నాణ్యం అని చెప్పేది ఎవరు? అదీ ఒక ఉద్యోగమే. కాఫీ నాణ్యత మీద కాఫీ బోర్డు పీజీ డిప్లొమా నడుపుతోంది. చింతపల్లి దగ్గర ఆర్వీ నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రమే ఉంది. బోటనీ, కెమిస్ట్రీ చదివే మీలో ఎంతమంది దాని గేటు దాటి లోపలికెళ్లారు?

రెండోది, లా. 1997లో వచ్చిన సమతా తీర్పు మన అనంతగిరి మండలం భూముల గొడవలోంచి పుట్టింది. షెడ్యూల్డ్ ప్రాంత భూములు ప్రైవేటు మైనింగ్ కంపెనీలకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 1/70 కేసులు, పోడు పట్టాల గొడవలు ఇప్పటికీ ఉన్నాయి. ఏ డిగ్రీ చేసినా లాసెట్ రాసి మూడేళ్లలో ఎల్‌ఎల్‌బీ పూర్తి చెయ్యొచ్చు. మన భాష వచ్చిన లాయరు ఉంటే, సాక్ష్యం చెప్పే తాత తన మాట తనే చెప్పుకుంటాడు.

ఇప్పుడు ప్లాను సంగతి. పెద్ద పరీక్ష ఒకటి పెట్టుకోండి, వద్దనను. సివిల్స్‌లో ఎస్టీలకి 37 ఏళ్ల దాకా వయసుంది, అటెంప్టులకి లెక్క లేదు. అది మన హక్కు. కానీ "ఇంకొక్కసారి" అంటూ కోచింగ్ రూముల్లోనే ముప్పై దాటిపోయేది కూడా ఆ ధైర్యంతోనే. ఆ రూము అద్దె ఎక్కణ్నుంచి వస్తోంది? అమ్మ సంతలో అమ్మిన పసుపు, రాజ్‌మా డబ్బులోంచి. అందుకే గడువు ముందే రాసుకోండి. రెండేళ్లా, మూడేళ్లా, మీ ఇంటి పరిస్థితిని బట్టి. దాని పక్కనే రెండో దారి రాయండి: జీతమొచ్చే చిన్న ఉద్యోగమో, చేతికి పనినిచ్చే కోర్సో. చిన్నదని నామోషీ వద్దు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఒడిశా ప్రభుత్వంలో జూనియర్ అసిస్టెంటుగా చేశారు, తర్వాత టీచరుగా చేశారు.

పై చదువులకి వెళ్లేవాళ్లు తేదీలు చూసుకోవాలి. సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీకి సీయూఈటీ దరఖాస్తులు సాధారణంగా చలికాలంలోనే, మీ ఫైనలియర్ పరీక్షలకి ముందే మొదలవుతాయి. రిజల్ట్ వచ్చాక చూద్దాం అంటే బస్సు వెళ్లిపోయినట్టే. కేంద్ర గిరిజన శాఖ ఏటా 750 మంది ఎస్టీ పరిశోధక విద్యార్థులకి ఫెలోషిప్ ఇస్తుంది. విదేశాల్లో చదవడానికి ఏటా 20 మందికి స్కాలర్‌షిప్ ఉంది. ఇవన్నీ మన పేరు మీద ఉన్నవే. అడగాల్సింది మనమే. ఈ వారంలోనే ఇంకో పని చెయ్యండి. టెన్త్ మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం పక్కపక్కన పెట్టి చూడండి. మూడింట్లో ఇంటిపేరు స్పెల్లింగు ఒకేలా ఉందా? ఒక్క అక్షరం తేడాతో కౌన్సెలింగ్ రోజున ఆగిపోవడం కంటే, ఇప్పుడే దిద్దించుకోవడం తేలిక.

చెల్లెళ్లకి ఒక మాట. ఇంట్లో పెళ్లి మాటెత్తినప్పుడు "నేను చదువుకుంటా" అంటే చాలడం లేదు. నోటుబుక్కు తీసి చూపించండి. ఫలానా నెలలో పరీక్ష, ఫలానా ఏడాదికి కోర్సు పూర్తి, ఖర్చు ఇంత, స్కాలర్‌షిప్ ఇంత. లెక్క కనబడితే నాన్న కూడా కూర్చుని వింటాడు. విననివాళ్లుంటే మాకు చెప్పండి, వచ్చి మాట్లాడతాం.

చివరిగా, ఈ పని ఒంటరిగా చెయ్యకండి. ఆదివారం హాస్టల్లో నలుగురు కూర్చుని నోటుబుక్కులు మార్చుకోండి. మీరు ఖాళీ వదిలిన చోట ఏం రాయాలో పక్కవాడికి తెలిసుండొచ్చు. కాలేజీ వదిలి వెళ్లే రోజున ఆ పుస్తకాన్ని జూనియర్ల చేతిలో పెట్టి వెళ్లండి. వాళ్లు మీలాగా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

జోహార్.