మెత్తని పగడాలకు సుస్తీ చేస్తే
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీపీ, షుగరు, డీఏ బకాయిలు కాక వేరే ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. అందుకని ఈ రోజు పగడాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మనలో చాలామంది అమెరికాలో పిల్లల వద్ద ఆరేసి నెలలు ఉండి వస్తున్నాం. పెద్దవాళ్ళు ఆఫీసుకూ, మనవలు బడికీ వెళ్ళాక ఇంట్లో మిగిలేది మనమే. డల్లాసులో మా అబ్బాయి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఒకటి ఉంది. నేను వెళ్ళిన రెండు పర్యాయాలూ దాన్ని కనిపెట్టుకొని ఉండే పని నాకే వచ్చింది. అక్కడ తెలుసుకొన్నదే చెబుతున్నాను.

పగడం అనగానే మనకు కుజదోషానికి పెట్టుకొనే ఉంగరం గుర్తుకు వస్తుంది. ఆ పగడం సముద్రంలోని ఒక ప్రాణి కట్టుకొన్న అస్థిపంజరం. తొట్టిలో పెంచే మెత్తని పగడాలు దానికి దాయాదులే గాని, వీటికి రాతి గూడు ఉండదు. చాలావాటి కండలో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. వెలుతురు సాయంతో అది తయారుచేసే ఆహారమే వీటికి ముఖ్యమైన పోషణ.

ఇవి మూలగవు, నొప్పి ఎక్కడో చెప్పవు. ముడుచుకొంటాయి, అంతే. అది చూసి కంగారుపడి మందులు పోసేవారే ఎక్కువ. దయచేసి ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ముడుచుకొన్నది ఒక్కటా, అన్నీనా? మన ఆఫీసులో అందరి జీతాలూ ఆగితే ట్రెజరీకి వెళ్ళి అడిగేవాళ్ళం. ఒక్కరి జీతమే ఆగితే వారి సర్వీసు రిజిస్టరు తీసేవాళ్ళం. ఇక్కడా అంతే. అన్నీ ముడుచుకొంటే నీటిని చూడాలి. ఒక్కటే ముడుచుకొంటే దానినీ, దాని ఇరుగుపొరుగునూ చూడాలి.

నీటిలో చూడవలసినవి ఇవి. వేడి 25 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండాలి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు 1.025 చూపాలి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా ఉండాలి. పీహెచ్ 8.1కీ 8.4కీ మధ్య ఉండాలి. ఒక రోజు పొద్దున్నే చూస్తే తొట్టిలోని పగడాలన్నీ ముడుచుకొని ఉన్నాయి. పిడికిళ్ళు మూసి తెరిచినట్లు రోజంతా కదిలే జీనియా కూడా కదలడం లేదు. అబ్బాయి ఊళ్ళో లేడు. అమ్మోనియా చూశాను, సున్నా. ఉప్పు చూస్తే 1.029. ఇగిరిపోయిన నీటికి బదులు నీరు నింపే బిరడా ఇరుక్కుపోయింది. ఇగిరేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది కదా! ఒక్కసారిగా మంచినీరు కుమ్మరిస్తే ఆ కుదుపుకు అవి తట్టుకోలేవు. అందుచేత ఉప్పులేని శుద్ధి చేసిన నీటిని రెండు రోజులపాటు కొంచెం కొంచెంగా కలుపుతూ వచ్చాను. మూడవ రోజుకు జీనియా మళ్ళీ కదలసాగింది. ఏ మందూ వాడలేదు. చేపలకు వాడే మందుల్లో కొన్నింటిలో రాగి ఉంటుంది. అది పగడాలకు విషం.

ఇక ఒక్కటే ముడుచుకొన్న సంగతి. పుట్టగొడుగులా ఉండే లెదర్ కోరల్ ఒక్కోసారి వారం పది రోజులు మూసుకొని, పైన మైనం పూసినట్లు మెరుస్తుంది. చచ్చిపోయిందని పారవేయకండి. అది పాతచర్మం విడుస్తోంది. నీటి ప్రవాహం బాగా తగిలేటట్లు చూసి ఊరుకొంటే, పొర ఊడిపోయి మళ్ళీ విచ్చుకొంటుంది. మనకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ అడుగుతారు గదా, దానికీ అంత గడువు ఇవ్వండి. కండ గట్టిగా ఉండి, వాసన లేకపోతే భయం లేదు. కండ కరిగి, గోధుమరంగు జిగురు పట్టి, కుళ్ళు వాసన వేస్తే మాత్రం ఆ రోజే బయటకు తీసి, శుభ్రమైన బ్లేడుతో మంచి కండ వచ్చేదాకా కోసి, కుళ్ళిన భాగాన్ని తీసివేయాలి.

తెల్లబడితే లోపలి నాచు పోతున్నదని అర్థం. వేడిగాని, వెలుతురుగాని మితిమీరినపుడు అలా అవుతుంది. 1998లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్, మన్నారు సింధుశాఖ, అండమాను దీవుల పగడాలు తెల్లబడినది ఇందువల్లనే. సన్నగా సాగి దీపం వైపు పెరుగుతుంటే వెలుతురు చాలడం లేదన్నమాట. కారణం ఏదీ కనబడకపోతే రాత్రి టార్చి వేసి చూడండి, చిన్న సముద్రపు నత్తలు కొరుకుతూ దొరుకుతాయి. లెదర్ కోరల్ నీటిలోకి వదిలే రసాయనాలు పొరుగు పగడాలకు పడవు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, కొంత నీరు మార్చి, ఎడం పెంచాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. గుండీల్లా గుంపుగా పెరిగే జోయాంథిడ్లు చాలా తొట్లలో ఉంటాయి. వీటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ఘోర విషం ఉంటుంది. దీనిని 1971లో హవాయి శాస్త్రజ్ఞులు వేరుచేశారు. ఇవి పట్టిన రాయిని శుభ్రం చేద్దామని మరిగించడం, వేడినీళ్ళు పోసి రుద్దడం ఎంతమాత్రం చేయరాదు. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు లేనిదే ముట్టుకోవద్దు. పసిపిల్లలను దగ్గరకు రానీయవద్దు. ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి ఈ పగడం సంగతి డాక్టరుకు చెప్పాలి.

చివరగా, ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, వేడి, ఉప్పు, ఏది విచ్చుకొంది, ఏది లేదు, రోజూ ఒక వరుస చాలు. ఏ మార్పయినా ఒకసారి ఒక్కటే చేసి, రెండు మూడు రోజులు ఆగి చూడండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎవరికీ తెలియదు. ముప్పయ్యేళ్ళు ఫైళ్ళు చూసిన మనకు ఇది కొత్త విద్య కాదు.

మన దేశంలో రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద 2001 నుంచి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. కనుక ఇక్కడ ఎవరైనా అమ్మజూపితే తీసుకోవద్దని కూడా మనవి.