విశ్వవిద్యాలయ బోధనమున గీతయు, కదలుబొమ్మయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



నన్ను గూడ నాలుగు మాటలు పలుకుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను కళాశాల గడప త్రొక్కినవాడను కాను. ఊరి లెక్కలు వ్రాయుటయు, తీరిక వేళల ఈ గ్రంథాలయములోని పురాణములు చదువుకొనుటయు నా విద్య. అట్టివాడు విశ్వవిద్యాలయ బోధనమును గూర్చి మాటలాడుట సాహసమే. కాని మన కూసుమంచి పిల్లలు వరంగల్లుకు, హైదరాబాదుకు పెద్ద చదువులకు పోవుచున్నారు. వారికచట ఏమి బోధపడుచున్నదో, ఏమి బోధపడక మిగిలిపోవుచున్నదో మనకు పట్టవలదా?

తెరయు, బొమ్మలు చూపు యంత్రమును కొనవలయునని మన యువకులు కోరుచున్నారు. ఆ సొమ్ముతో పుస్తకములే కొనవలయునని పెద్దలు పట్టుపట్టియున్నారు. మొదట నేనును పెద్దల పక్షముననే యుంటిని. బొమ్మలు పసిపిల్లలకు; పెద్ద చదువునకు అక్షరము చాలునని నా తలంపు. అది ఎట్లు మాఱినదో విన్నవింతును.

రెండేండ్ల క్రిందటి వేసవిలో మన యూరి విద్యార్థి యొకడు భౌతికశాస్త్ర గ్రంథము ముందిడుకొని ఈ గదిలోనే తల పట్టుకొని కూర్చుండెను. ఏకాంతర విద్యుత్తు అను ప్రకరణమును మూడుమార్లు వల్లించెనట. ఒక్క ముక్కయు తలకెక్కలేదు. ఇక చదువు మానుకొందునని చెప్పెను. నాకు విద్యుత్తు తెలియదు. గ్రంథములో ఒక వలయమును, దాని ప్రక్క అలవంటి గీతయు కనబడెను. పలక తీసికొని బండిచక్రమును గీచి, అంచున ఒక మేకును గుర్తించితిని. "సాయంకాలపు ఎండ చక్రమునకు వెనుకనుండి పడుచున్నది. ముందు గోడ యున్నది. చక్రపు అంచు గోడవైపు తిరిగియున్నది. చక్రము తిరుగునప్పుడు ఈ మేకు నీడ గోడపై ఎట్లు కదలును?" అని యడిగితిని. "పైకిని, క్రిందికిని" అనెను. చక్రమును 12 భాగములు చేసి, ఒక్కొక్క తావున నీడ ఎంత యెత్తున నుండునో వరుసగా గుర్తింపుమంటిని. గుర్తులు కలుపగానే గ్రంథములోని అల పలకపై నిలిచెను. వాడు పలకను, గ్రంథమును మార్చి మార్చి చూచి, "ఇంతేనా, బాబాయి!" అనెను. పిదప నా సాయము లేకయే మఱి రెండుమార్లు గీచెను. ఆ విషయమున గట్టెక్కెను. వేఱొక విషయమున తప్పి, మఱునాడు కాదుగాని మఱుసటేట దానిని పూర్తిచేసెను. చదువు మాత్రము మానలేదు.

ఆ రాత్రి నాకు భాగవతములోని ఉషాకన్య జ్ఞప్తికి వచ్చెను. కలలో చూచిన వాని పేరు ఆమెకు తెలియదు, ఊరు తెలియదు. మాటలతో చెప్పనేరదు. చిత్రరేఖ రాజకుమారుల రూపములను వరుసగా వ్రాసి చూపగా అనిరుద్ధుని గుర్తించెను. మన విద్యార్థుల దశయు నిట్టిదే. విషయము మనస్సున ఎచటనో మెదలుచుండును. పేరు పెట్టి పిలువజాలరు. గీత ఒకటి ఎదుట నిలిచినచో గుర్తింతురు.

మన పూర్వులు చిత్రమును కదలికనుండి వేఱుచేయలేదు. ప్రతిమాలక్షణము తెలియగోరిన వజ్రమహారాజునకు, చిత్రము తెలియక ప్రతిమ తెలియదనియు, నృత్తము తెలియక చిత్రము తెలియదనియు మార్కండేయుడు విష్ణుధర్మోత్తరమున ఉపదేశించెను. అమరావతి స్తూపపు శిలాఫలకమొకటి చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. అందు నలగిరి యను మదగజము రెండుమార్లు కనబడును: ఒకవైపు జనులను త్రొక్కుచు, వేఱొకవైపు బుద్ధుని పాదములకడ మోకరిల్లి. ఒకే యేనుగు, రెండు క్షణములు. చూచువాని మనస్సే నడుమ నడకను పూరించుకొనును. చేర్యాల పటములను విప్పుచు కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును చెప్పుటయు ఈ మార్గమే.

నేటి కదలుబొమ్మకును మూలమిదియే. సెకనుకు 24 నిలువుబొమ్మలు తెరపై పడగా కన్ను వానిని ఒకే కదలికగా గ్రహించును. బోధిసత్త్వుడు లేడిగా జన్మించిన జాతకకథను మన దేశపు ఫిలిమ్స్ డివిజన్ వారు 1957లో ఇట్లు గీతల చలనచిత్రముగా తీసిరి. 1975 ఆగస్టు 1 మొదలు ఒక యేడాది ఉపగ్రహముద్వారా మన తెలుగు పల్లెలతో గూడ ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు అందెను. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ విద్యార్థులకై దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది ఆరంభమయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును పాఠములను చిత్రించు కేంద్రము నెలకొనెను. నేడా పాఠములు చేతిలోని ఫోనుకే వచ్చుచున్నవి.

కదలికవలన కలుగు లాభమునకు మన పొలములనుండియే ఒక నిదర్శనము చెప్పెదను. నాలుగు సమానమైన పుల్లలను మూలలయందు దారముతో కట్టి చతురస్రము చేయుడు. ఒక్కొక్క పుల్ల 33 అడుగుల గట్టనుకొనుడు. లోపలి నేల 121 చదరపు గజములు, అనగా ఒక గుంట. ఇప్పుడు ఒక మూలను మెల్లగా ప్రక్కకు నెట్టుడు. గట్ల పొడవు మాఱదు. లోపలి నేల మాత్రము తఱిగిపోవును. మూల 30 డిగ్రీలకు వంగునప్పటికి అరగుంటయే మిగులును. ఎదురెదురు గట్లను కూడి, సగము చేసి హెచ్చించు మోటలెక్క అప్పుడును గుంట యనియే చెప్పును! 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించిన మహావీరుని గణితము స్థూలఫలము వేఱు, సూక్ష్మఫలము వేఱని హెచ్చరించుచునే యున్నది. నిలువుబొమ్మ ఈ భేదమును చెప్పజాలదు. కదలుబొమ్మ ఒక్క నిమిషమున చెప్పును. మన యిండ్లలోని విద్యుత్తు సెకనుకు 50 మార్లు ముందు వెనుకలగుచుండును. కంటికందని ఆ వేగమును మెల్లగా నడపి చూపగలిగినదియు అదియే.

అయినను పెద్దల భయమును నేను తోసివేయను. బొమ్మ సాగిపోవుచుండగా అంతయు తెలిసినట్లే యుండును. తెర ఆఱిన పిదప అడిగిన, నోట మాట రాదు. కన్ను తృప్తిపడినంతమాత్రమున బుద్ధి పనిచేసినట్లు కాదు. పటము విప్పు కథకుడు శ్రోతల మొగములు చూచి ఆగును. యంత్రము ఆగదు, ఆపువాడు కావలయును. అందుచేత మంచి యధ్యాపకుడు బొమ్మను నడుమ నిలిపి, "తరువాత నేమగును?" అని యడుగవలయును. సిద్ధముగా నున్న చిత్రముకంటె విద్యార్థుల ఎదుట నల్లబల్లపై ఒక్కొక్క గీతగా పెరుగు చిత్రము మేలు. ఏ గీత ముందు, ఏది వెనుక, ఎందుకు అను క్రమము అందు దాగదు. అన్నిటికంటె మేలైనది విద్యార్థి తన చేతితో గీచినది. ఆనాడు పలకపై ఆ కుఱ్ఱవానికి తెలివి కలిగించినది నా గీత కాదు, వాని గీతయే.

కావున ఉభయపక్షములకును నా విన్నపమిది. తెర కొనుడు; కాని దానికంటె ముందు ఈ గోడకొక నల్లబల్ల బిగింపుడు. సెలవులలో వచ్చు మన విద్యార్థులు తాము నేర్చినది దానిపై గీచి చిన్నవారికి చెప్పవలయును. చూపిన ప్రతి కదలుబొమ్మకును తగిన పుస్తకమును ప్రక్కనే బల్లపై నుంచుడు. గీయరాని విషయమును ఇంకను తెలియని విషయముగా లెక్కించు అలవాటు మన పిల్లలకు చిన్ననాటనే కావలయును. అట్లయినచో తెలియలేదను సిగ్గుతో చదువు విడిచి ఇంటికి మఱలివచ్చువారు కొందఱైనను తగ్గుదురు.

 గణపేశ్వరస్వామి కటాక్షమున ఈ గ్రంథాలయము నిండునూఱేండ్లు వర్ధిల్లుగాక!

స్వస్తి.