శ్రీశైలపు నడకకు వీపుసంచి

మహాశివరాత్రి సమీపించినదనగా, కళ్ళములలో మిరపకాయ లింక నారుచుండగనే, దోర్నాల మీదుగా నల్లమల నెక్కి శ్రీశైలమునకు కాలినడకను బోవు భక్తులలో కొందరు భుజమున వ్రేలాడు గుడ్డసంచితోనే బయలుదేరుదురు. దోర్నాలనుండి క్షేత్రము ఇంచుమించు 50 కిలోమీటర్లు, అందును ఘాటుదారి. ఒంటిభుజపు బరువు రెండవ దినమునకే మెడను పట్టును.

గుంటూరు మిరప యార్డులో టిక్కీని, అనగా మిరపకాయల బస్తాను, మోయు హమాలీ నొకమారు పరికింపుడు. అతడు కొంచెము వంగి, బరువును వీపు మీదుగా నడుమునకు, కాళ్ళకు దించునే కాని భుజములతో మోయడు. మంచి వీపుసంచి రహస్యమంతయు ఇదియే. కావున అంగడిలో రంగును, జేబుల సంఖ్యను చూచుటకు ముందు నడుముపట్టీని చూడవలయును. అది బొడ్డు చుట్టును గాక కటియెముకల అంచున బిగిసి, బరువులో అధికభాగమును తానే భరింపవలయును. మనిషి పొడవు కాదు, వీపు పొడవు ముఖ్యము: తల వంచినపుడు మెడ మొదట పొడుచుకొనివచ్చు ఎముకనుండి కటియెముకల పైయంచు వరకు టేపుతో కొలిపించుకొని, ఆ కొలతకు తగిన సంచినే యెన్నుకొనుడు. ఖాళీసంచిని తగిలించుకొని అద్దమున చూచుకొనుట వ్యర్థము. ఏడెనిమిది కిలోల బరువు నింపించి అంగడిలోనే పదినిమిషములు నడువుడు, దుకాణదారు విసుగుకొనినను సరే!

రెండు మూడు దినముల నడకకు 40 లీటర్ల సంచి చాలును. పెద్దది కొన్నచో ఇంటిలోని సామానంతయు అందు చేరును. సంచితో కూడ మోత శరీరపు బరువులో ఐదవవంతు మించరాదు. మాఘాంతపు ఎండలో నీరే అన్నిటికంటె బరువు. త్రాగుచున్న సీసాను ప్రక్కజేబున నుంచి, తక్కినవానిని వీపున కానించి, దుప్పటి అడుగున, పులిహోర పొట్లము పైన పెట్టుకొనుడు.