తీర్మానంలో ఏ మాట రాశారు?



మన పట్టణంలో కాలువ కడతారు. రోడ్డు వేస్తారు. వీధి దీపాలు పెడతారు. ఆ డబ్బు ఎవరిది? మనం కట్టే ఇంటి పన్ను అందులో ఉంది. సర్కారు ఇచ్చే నిధులు కూడా మనవే. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా మనం పన్ను కడుతూనే ఉన్నాం కదా!

మరి ఆ పని ఎవరికి దొరుకుతోంది? చాలాసార్లు కాంట్రాక్టరు తన మనుషుల్ని ఎక్కడినుంచో తెచ్చుకుంటాడు. మన ఇంటి ముందే కాలువ తవ్వుతారు. మనం గుమ్మంలో నిలబడి చూస్తాం. మన పిల్లలేమో పని కోసం వేరే ఊళ్లు పోతారు.

ఈ బాధ మనదొక్కటే కాదమ్మా. అమెరికాలోనూ ఉంది. అక్కడి నగరాలకు కూడా మన మునిసిపల్ కౌన్సిల్ లాంటి సభలుంటాయి. జనం ఓట్లేసి సభ్యులను ఎన్నుకుంటారు. వాళ్లు తీర్మానాలు చేస్తారు. అలాంటి రెండు నగరాల సంగతి ఇవాళ చెప్తాను.

"ప్రయత్నించాలి", "ఇవ్వాలి"

మొదటిది శాన్‌ఫ్రాన్సిస్కో. సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద నగరం. నగరం డబ్బుతో జరిగే పనుల్లో సగం పని ఊరివాళ్లకు ఇవ్వాలని అక్కడ ఎప్పటినుంచో ఒక నియమం ఉండేది. వినడానికి బాగానే ఉంది. కాని కాగితంలో ఏమని ఉందంటే, ఊరివాళ్లకు పని ఇవ్వడానికి కాంట్రాక్టరు "మంచి మనసుతో ప్రయత్నించాలి" అని ఉంది.

ఏమైంది? "ప్రయత్నించానండీ, మనుషులు దొరకలేదు" అన్నారు కాంట్రాక్టర్లు. అంతటితో సరి. సగం అనుకున్నది సగంలో సగం కూడా రాలేదు.

పనిలేని పేటల జనం, వాళ్ల సంఘాలు గట్టిగా అడిగాయి. 2010 డిసెంబరులో నగర సభ కొత్త చట్టం చేసింది. ఈసారి "ప్రయత్నించాలి" అన్న మాట తీసేశారు. "ఇవ్వాలి" అని రాశారు. నగరం డబ్బుతో కట్టే పెద్ద కట్టడాల్లో నూరు గంటల పని ఉంటే కనీసం 20 గంటలు ఊరివాళ్లకు ఇవ్వాలి. తర్వాత దాన్ని 30 గంటలకు పెంచారు. ఊరివాళ్ల వాటాలో సగం పేదలకు, పని దొరకని వాళ్లకు దక్కాలి. పని నేర్చుకునే కుర్రాళ్ల గంటల్లో సగం ఊరివాళ్లవే కావాలి.

లెక్క తప్పితే? తగ్గిన గంటలకు కూలి లెక్కకట్టి, ఆ డబ్బు కాంట్రాక్టరు నగరానికి కట్టాలి.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఊరివాళ్లంటే ఎవరు? ఆ ఊళ్లో పుట్టినవాళ్లే అని కాదు. ఆ ఊళ్లో కాపురం ఉంటున్న వాళ్లందరూ. వలస వచ్చి మన పేటలో గుడిసె వేసుకున్న ఆమె కూడా ఊరి మనిషే. ఆమెతో మనకు తగవు లేదు. ఆమె కూడా కడుపు కోసమే వచ్చింది.

కరెంటు డబ్బు ఎవరికి?

రెండోది పోర్ట్‌లాండ్ నగరం. అక్కడ పేదల ఇళ్లకు కరెంటు బిల్లు పెద్ద బరువు. పేదల సంఘాలు ఊరంతా తిరిగి సంతకాలు పోగు చేశాయి. ఆ సంతకాలతో 2018 నవంబరులో ఒక ప్రశ్న మీద ఓటింగు జరిగింది. దేశం మొత్తంలో ఏడాదికి వంద కోట్ల డాలర్లకు మించి వ్యాపారం చేసే పెద్ద పెద్ద దుకాణాలు, ఆ నగరంలో చేసిన అమ్మకం మీద నూటికి ఒక డాలరు పన్ను కట్టాలి. ఇది మీకు ఇష్టమేనా? అదీ ప్రశ్న. నూటికి అరవై మందికి పైగా "ఇష్టమే" అన్నారు. తిండి సరుకులకు, మందులకు ఈ పన్ను లేదు.

ఆ డబ్బుతో పేదల ఇళ్ల మీద సౌర పలకలు పెడుతున్నారు. ఇంట్లోకి చలి, వేడి రాకుండా ఇళ్లు బాగు చేస్తున్నారు. దాంతో కరెంటు బిల్లు తగ్గుతుంది. ఆ పనులు నేర్పడానికి కూడా డబ్బులో కొంత వాటా వేరుగా పెట్టారు. ఆడవాళ్లకు, నల్లజాతి వారికి, ఎన్నాళ్లుగానో పని దొరకని వాళ్లకు అందులో ముందు చోటు.

2021 జూన్ 28న ఆ నగరంలో ఎండ 46 డిగ్రీలు దాటింది. అది చల్లని ఊరు. అంత ఎండ అక్కడ ఎవరూ ఎరగరు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎందరో ఇళ్లలోనే చనిపోయారు. ఎండ దెబ్బ అంటే ఏమిటో మనకు తెలుసు. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు. పోర్ట్‌లాండ్‌లో ఆ తర్వాత ఏడాది నుంచి ఈ నిధితోనే పేదల ఇళ్లలో గది చల్లబరిచే యంత్రాలు పెట్టించారు.

అయితే ఆ నిధి మీద కూడా చూపు ఉండాలి. 2022లో నగర ఆడిటరు లెక్కలు చూసి, నిధికి గురి సరిగా లేదు, జవాబుదారీ చాలదు అని చెప్పారు. ఆ ఏడాదే నగర సభ నియమాలు మార్చింది. మంచి పేరు పెట్టుకున్న నిధి అయినా లెక్క అడిగేవాళ్లు ఉంటేనే మంచిగా నడుస్తుంది.

మనం ఏం చేయగలం?

మన మునిసిపాలిటీల్లో మూడో వంతుకు తగ్గకుండా సీట్లు ఆడవాళ్లకు ఉండాలని రాజ్యాంగంలో ఉంది. ఇది 1993లో అమలులోకి వచ్చింది. మన వార్డు సభ్యురాలిని అడగడానికి మనకు హక్కుంది. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం కాగితాల నకలు కూడా అడగొచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అర్జీ ఇలా రాయండి:

"పౌర సమాచార అధికారి గారికి,
మా వార్డులో కాలువ పనికి సంబంధించిన తీర్మానం నకలు, కాంట్రాక్టరుతో రాసుకున్న ఒప్పందం నకలు, కూలీల మస్టరు నకలు ఇప్పించగలరు."

కింద మీ పేరు, చిరునామా, తారీఖు, సంతకం.

కాగితాలు వచ్చాక నలుగురూ కూర్చుని చదవండి. "వీలైతే", "ప్రయత్నించాలి" అని ఉందా? "ఇవ్వాలి" అని ఉందా? ఆ మాట కింద గీత గీయండి. మస్టరులో ఉన్న పేర్లు మన పేటలో ఉన్నాయేమో చూడండి.

ఇప్పుడు మనం మాట్లాడుకుందాం:

1. మన వార్డులో ఈ ఏడాది ఏ పనులు జరిగాయి?
2. ఆ పనుల్లో మన పేట వాళ్లు ఎంతమందికి కూలి దొరికింది?
3. మొదటి అర్జీ ఏ పని గురించి పెడదాం? ఎవరు రాస్తారు?