తాతగారి సానరాయి



ఇవాళ ఒక రాయి గురించి నాలుగు మాటలు చెబుతాను. రోలు కాదు, సన్నికల్లు కాదు. గడ్డం గీసుకునే కత్తికి పదును పెట్టే సానరాయి. 'అది మగవాళ్ళ గొడవ కదా, మనకెందుకు?' అంటారేమో. అటక దులిపినప్పుడు ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో తేల్చేది మనమే కదండీ!

మా ఇంట్లో అలాగే దొరికింది. మా మామగారి తండ్రిగారు మడతకత్తితో తన గడ్డం తనే గీసుకునేవారట. బ్లేడు మార్చుకునే రేజరుకి అమెరికాలో జిల్లెట్ పేటెంటు పొందింది 1904లో. అది ఇంటింటికీ వచ్చేదాకా మడతకత్తి, సానరాయి, తోలుపట్టీ ఈ మూడూ కలిసే ఉండేవి. మాకు మిగిలినవి కత్తీ, రాయీ. రాయి జిడ్డుకట్టి నల్లగా ఉంది. మధ్యలో దోనెలా గుంట పడింది.

ముందు జిడ్డు వదిలించాలి. గోరువెచ్చని సబ్బునీళ్ళలో ఒక పూట నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో రుద్దితే చాలావరకు పోతుంది. చెక్కలో అతికించిన రాయైతే మాత్రం నానబెట్టకండి, అతుకు ఊడిపోతుంది.

తరవాత రాయిని చదును చెయ్యాలి. కత్తి అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా రాయికి ఆనితేనే పదును సమంగా వస్తుంది. దళసరి అద్దం మీద, తడిసినా చిరగని గరుకు కాగితం పరవండి. రాయి మీద పెన్సిలుతో అడ్డగీతలు గీసి, నీళ్ళు పోస్తూ రుద్దండి. గీతలన్నీ చెరిగిపోతే చదునైనట్టు. పొడిగా మాత్రం రుద్దకండి. ఆ రాతిపొడి ఊపిరితిత్తులకి చెరుపు.

నేను నాలుగుసార్లు రుద్దానో లేదో, అత్తగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయ్, ఆ గుంట మా మామగారి చేత్తో అరిగింది. ఆయన ఫొటో ఒక్కటీ లేదు మనింట్లో. దీన్ని కూడా చెరిపేస్తావా?" అన్నారు.

నాకేం మాట్లాడాలో తోచలేదు. అడక్కుండా మొదలుపెట్టినందుకు సిగ్గేసింది. మర్నాడు ఆలోచన తట్టింది. రాయికి రెండు వైపులున్నాయి కదా! అడుగు వైపు ఎవరూ వాడలేదు. దాన్నే చదును చేశాను. ఒక్క జాగ్రత్త. బెల్జియం నుంచి వచ్చిన పసుపు సానరాళ్ళకి కింద వేరే పలకరాయి అతికించి ఉంటుంది. అలా రెండు రంగుల పొరలుంటే తిరగెయ్యకండి. పదును పెట్టేది ఆ పసుపు పొరే.

ఇక నూరడం. రాయి మీద కాసిని నీళ్ళు చల్లి, కత్తి వెన్నూ అంచూ రెండూ ఆనేలా పడుకోబెట్టి, అంచు ముందుకి సాగేలా తొయ్యాలి. కొసకి వచ్చాక వెన్ను మీదనే తిప్పి వెనక్కి రావాలి. బలం వాడకూడదు, కత్తి బరువు చాలు. ఆఖర్న తోలుపట్టీ మీద దీనికి వ్యతిరేకం, వెన్ను ముందు నడవాలి. అంచు ముందు నడిస్తే తోలు తెగుతుంది.

ఈ నున్నటి రాయి మీద కత్తిపీట నూరకండి, గాట్లు పడతాయి. దానికి గరుకు రాయి వేరే ఉంచుకోండి. ఇంకోమాట. కత్తి వంశానికంతటికీ ఆస్తే గాని, గడ్డం గీసుకోవడానికి మాత్రం ఒక్కరిదే కావాలి. హెపటైటిస్ బి, సి లాంటి జబ్బులు రక్తం అంటిన కత్తి ద్వారా పాకుతాయి.

ఇప్పుడు మా అబ్బాయి ఆదివారం ఆదివారం ఆ కత్తి నూరుకుంటాడు. వాడి పని అయ్యాక అత్తగారు రాయి తుడిచి, తిరగేసి, ఆ గుంటలో ఒకసారి బొటనవేలు ఆనించి, అప్పుడు బీరువాలో పెడతారు.

మీ అటక మీదా ఇలాంటిదేదో ఉండే ఉంటుంది. దాన్ని రుద్దేముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కమాట అడగండి. సెలవు.